కొట్టు పెట్టినవాడు మాల్‌కి యజమాని ఎలా అయ్యాడు? ఫ్రాంక్ లోవీ సంగతి, మన బజార్ల సంగతి

గిరిరోడ్డు (బరంపురం)

మా పిన్ని కొడుకు సిడ్నీలో ఉంటాడు. ఎప్పుడు ఫోన్ చేసినా "వెస్ట్‌ఫీల్డ్‌లో ఉన్నానన్నా" అంటాడు. ఒకసారి పారామట్టా, ఒకసారి హార్న్స్‌బీ, ఇంకోసారి బోండై. అన్ని పేటల్లోనూ మాల్‌కి ఒకే పేరేమిట్రా అంటే, అవన్నీ కట్టింది ఫ్రాంక్ లోవీ అనే వలస మనిషి అన్నాడు. అప్పట్నుంచీ ఆయన గురించి దొరికినదల్లా చదువుతున్నాను.

ఆయనా మనలాగే చిన్న కొట్టుతో మొదలెట్టాడు. 1955లో బ్లాక్‌టౌన్ అనే శివారు ఊళ్ళో, జాన్ సాండర్స్ అనే ఇంకో వలస మనిషితో పొత్తు కలిసి చీజు, సాసేజీ, ఊరగాయలు అమ్మేవాడు. 1959కల్లా అదే ఊళ్ళో షాపింగ్ సెంటర్ కట్టారు. 12 చిన్న షాపులు, ఒక సూపర్ మార్కెట్, రెండు డిపార్ట్‌మెంట్ స్టోర్లు, కార్లు నిలపడానికి జాగా. మరుసటి ఏడు, అంటే 1960లో, వాళ్ళ వెస్ట్‌ఫీల్డ్ కంపెనీ షేర్ మార్కెట్ ఎక్కేసింది.

ఇక్కడ ఒడిశాలో, బరంపురం బడా బజార్లో, గిరి రోడ్డులో మూడు తరాల నుంచి కొట్లున్న మన తెలుగు ఇళ్ళవాళ్ళు మాత్రం ఇంకా ఆ గల్లాపెట్టె దగ్గరే ఉన్నారు. తెలివి తక్కువై అని నేననుకోను. మరి ఎక్కడ ఆగిపోయాం? వ్యాపారం తెలిసినవాళ్ళు చెప్పండి.

పర్లాకిమిడి మేష్టారు

బాబూ, కొట్టు దగ్గర్నుంచి మొదలెడితే ఆ మనిషి అర్థం కాడు. ఇంకొంచెం వెనక్కి పోవాలి.

ఆయన 1930 అక్టోబరులో పుట్టాడు. ఊరు ఫిలాకొవో, అప్పట్లో చెకోస్లొవేకియా. యూదుల కుటుంబం. తరవాత బుడాపెస్ట్ చేరారు. 1944 మార్చిలో జర్మన్ సైన్యం హంగరీలో దిగింది. ఇంటిల్లిపాదినీ ఊరు దాటిద్దామని తండ్రి హ్యూగో టికెట్ల కోసం రైల్వే స్టేషన్‌కి వెళ్ళాడు. మళ్ళీ ఇంటికి రాలేదు. అప్పటికి ఈ పిల్లాడికి పదమూడేళ్ళు.

తండ్రి ఏమయ్యాడో దాదాపు యాభై ఏళ్ళ పాటు ఎవరికీ తెలియదు. చివరికి ఆష్విట్జ్ అనే హిట్లర్ శిబిరంలో ఆయనతో ఉన్న మనిషి ఒకాయన చెప్పాడు. ప్రార్థనకి వాడుకునే శాలువా సంచి లాక్కోబోతే హ్యూగో ఇవ్వనన్నాడట. అందుకని అక్కడే కొట్టి చంపేశారట.

యుద్ధం ముగిశాక కుర్రాడు పాలస్తీనాకి ఓడెక్కాడు. బ్రిటిష్ వాళ్ళు పట్టుకుని సైప్రస్ శిబిరంలో పడేశారు. అక్కణ్ణుంచి బయటపడి 1948 యుద్ధంలో ఇజ్రాయెల్ తరఫున గోలానీ దళంలో పోరాడాడు. 1952లో సిడ్నీ వచ్చాడు. అక్కడ కొట్లకి మాంసం సరుకులు వేసే పని దొరికింది. సాండర్స్ పరిచయం అయ్యింది ఆ పనిలోనే. టౌన్‌హాల్ స్టేషన్ దగ్గర సాండర్స్‌కి శాండ్‌విచ్ కొట్టు ఉండేది. ఆయన కూడా హిట్లర్ శిబిరాల నుంచి బతికి బయటపడ్డ హంగరీ యూదుడే.

ఇన్ని చూసినవాడికి బ్యాంకు అప్పు అంటే భయం ఉంటుందా? నాకైతే అసలు తేడా అక్కడే ఉందనిపిస్తుంది. మనవాళ్ళకి ఉన్నది పోతుందేమోనన్న భయం. ఆయన దగ్గర పోవడానికి ఏం మిగిలింది?

గుణుపురం కిరాణా

మేష్టారూ, దండాలు. మీ మాట కాదనడం కాదు గానీ, అంతా పోగొట్టుకున్నవాళ్ళు లక్షల మంది. వాళ్ళందరూ మాల్స్ కట్టలేదు. నేను కొట్టువాణ్ణి, నా కన్ను సరుకు మీద, జాగా మీద ఉంటుంది.

వాళ్ళు బ్లాక్‌టౌన్ ఎందుకెళ్ళారో చూడండి. యుద్ధం తరవాత యూరప్ నుంచి వచ్చిన వలస జనం సిడ్నీ పడమటి శివార్లలో స్థిరపడ్డారు. అక్కడ భూమి చవక. ఆ జనానికి వాళ్ళ తిండి కావాలి. రైలు దిగి ఇంటికెళ్ళే దారిలో దొరికితే ఇంకేం కావాలి? కొట్టు పెట్టింది స్టేషన్ దగ్గరే. ఇందులో ధైర్యం కంటే లెక్క ఎక్కువ.

మా తాత చేసిందీ అదే. నౌపడా నుంచి చిన్న రైలు 1900లో పర్లాకిమిడి దాకా వచ్చింది, 1931కి గుణుపురం చేరింది. ఆ రైలు వెనకాలే టెక్కలి, నరసన్నపేట వైపు నుంచి మనవాళ్ళు వచ్చి కొట్లు పెట్టారు. సంత రోజున సవరలు (ఇక్కడి కొండ ఆదివాసీలు) కొండ దిగి చింతపండు, జీడిపిక్కలు తెచ్చేవాళ్ళు. మా తాత కుంచంతో కొలిచి తీసుకుని, ఉప్పు, పొగాకు, బట్ట ఇచ్చేవాడు. సాయంత్రం చిట్టా రాసుకుని, వారానికోసారి ఆవర్జాలోకి (ఎవరి పద్దు వాళ్ళకి ఉండే ఖాతా పుస్తకం) ఎక్కించేవాడు. ఆ పుస్తకాలు ఇంట్లో ఇప్పటికీ ఉన్నాయి, ఎర్ర గుడ్డ అట్టలు. ఒక్కో పేజీలో సగం పద్దులు వసూలైనట్టు గీత ఉండదు.

వచ్చిన లాభం ఎటు పోయింది అంటారా? సగం అరువుల్లో, సగం ఆడపిల్లల పెళ్ళిళ్ళలో, కొంత నరసన్నపేటలో పొలం మీద. గుణుపురంలో కొట్టు మాత్రం అద్దెదే.

సిడ్నీ కోడలు (పుట్టిల్లు ఛత్రపురం)

ఇక్కడ ఉన్నదాన్ని కాబట్టి నేను చూసినది చెప్తాను.

మాల్‌లోకి వెళ్ళగానే ఒకటి గమనించండి. పెద్ద సూపర్ మార్కెట్ ఒక చివర, పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ ఇంకో చివర ఉంటాయి. బియ్యం కొనుక్కుని దుప్పటి కొనాలంటే మధ్యలో ఉన్న చెప్పుల షాపు, జ్యూస్ షాపు, గోళ్ళ రంగు షాపు అన్నీ దాటాలి. చదరపు మీటరుకి లెక్కేస్తే చివర్లలో ఉన్న పెద్దవాళ్ళ అద్దె చాలా తక్కువ. జనాన్ని లాక్కొచ్చేది వాళ్ళు కాబట్టి. ఆ జనం ముందు నిలబడినందుకు చిన్న షాపు ఎక్కువ కడుతుంది. మావారి స్నేహితుడు ఒక మాల్‌లో (ఏదో చెప్పను) ఫుడ్ కోర్టులో దోసెల కౌంటర్ పెట్టాడు. నెలనెలా అమ్మకం లెక్క యజమానికి పంపాలి. గిరాకీ పెరిగిందని వాళ్ళకి మనకంటే ముందే తెలుస్తుంది. లీజు మళ్ళీ రాసేటప్పుడు ఆ కాగితాలే బల్ల మీద పెడతారు. ఆ దోసెల అన్నయ్య రెండో లీజుకి ఒప్పుకోక హారిస్ పార్క్ అనే పేటలో వీధి కొట్టుకి మారిపోయాడు. ఇప్పుడు నిద్ర పడుతోందట.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. ఈ రాష్ట్రంలో 1994 చట్టం ప్రకారం షాపు అద్దెకిచ్చేవాడు పగిడి (కొట్టు ఇచ్చినందుకు అద్దె కాక విడిగా తీసుకునే సొమ్ము) అడగకూడదు. అడిగితే నేరం.

గిరిరోడ్డు

పగిడి నేరమా! ఆ చట్టం మన ఊళ్ళోకి వస్తే సగం బజారు కోర్టులోనే ఉంటుంది. మా కొట్టుకి మా నాన్న కట్టిన పగిడితో అప్పట్లో ఊరి చివర స్థలమే వచ్చేది. రసీదు లేదు, కాగితం లేదు. రేపు ఖాళీ చేస్తే ఆ డబ్బు కొత్తగా వచ్చేవాడి దగ్గర నుంచి రాబట్టుకోవాలి తప్ప ఇంకో దారి లేదు.

ఆడిటర్ బాబు (బరంపురం)

ఆలస్యంగా వచ్చాను, రిటర్నుల సీజను. గుణుపురం గారు జాగా అన్నారు, సిడ్నీ అమ్మ అద్దె అన్నారు. ఈ రెండిటికీ మధ్య ఉన్న ముడి నేను విప్పుతాను. మేష్టారు చెప్పిన ధైర్యం నిజమే కావచ్చు, కానీ ధైర్యానికి వడ్డీ ఎవరు కడతారు?

లోవీ, సాండర్స్ కొట్టు లాభంతో పక్కనున్న పొలాలు కొని, ప్లాట్లు కొట్టి అమ్మారు. మనవాళ్ళు ఇక్కడి దాకా వస్తారు, వచ్చారు కూడా. తరవాతి మెట్టు వేరు. కట్టిన షాపులు అమ్మకుండా చేతిలో ఉంచుకుని అద్దె తినడం మొదలెట్టారు. అద్దె నమ్మకంగా వస్తుంటే దాన్ని చూపించి అప్పు తెచ్చి ఇంకోటి కట్టొచ్చు. 1960లో షేర్లు అమ్మారు కాబట్టి జనం సొమ్ము కూడా చేతికొచ్చింది.

అసలు తెలివి 1979లో ఉంది. కంపెనీని రెండుగా విడగొట్టారు. భవనాలన్నీ ట్రస్టు పేర పెట్టి, అందులో వాటాలు (యూనిట్లు అంటారు) జనం చేతికి ఇచ్చారు. ఆ భవనాలు కట్టడం, నడపడం, షాపులకి లీజులు రాయడం వెస్ట్‌ఫీల్డ్ హోల్డింగ్స్ పని. దానికి ఫీజు. అంటే ఇటుకలకి పెట్టుబడి ఎక్కువగా జనానిది, నడిపినందుకు రుసుము వీళ్ళది. మాల్ ధర కొంచెం అటూ ఇటూ అయినా ఫీజు ఆగదు. డిజైను, నిర్మాణం, లీజింగ్ అన్నీ సొంత మనుషులతోనే చేయించేవారు, మధ్యలో కాంట్రాక్టరు తినే లాభం కూడా ఇంట్లోనే మిగిలేది.

ఇప్పుడు మన బజారు చూడండి. కొట్టు పేరు తాతది, పన్ను రసీదు నాన్నది, కరెంటు మీటరు బాబాయిది. పగిడి నోటి మాట మీద. ఇలాంటి ఆస్తిని చూపిస్తే ఏ బ్యాంకు అప్పిస్తుంది? నా దగ్గరికి వచ్చే కేసుల్లో వ్యాపారం చెయ్యడం చేతకాక ఆగిపోయినవాళ్ళు తక్కువ. కాగితం లేక ఆగిపోయినవాళ్ళే ఎక్కువ. అన్నదమ్ములు విడిపోయే రోజున పది అడుగుల కొట్టుకి నాలుగు షట్టర్లు పడతాయి.

జయపురం అక్క

ఆడిటర్ గారి లెక్క బాగుంది, కానీ బరంపురంలో కూర్చుని చెప్పిన లెక్క అది. గుణుపురం, రాయగడ, కోరాపుట్, మా జయపురం అన్నీ షెడ్యూల్డ్ ఏరియా. ఇక్కడ "పక్కనున్న పొలం కొని ప్లాట్లు కొట్టడం" అనే మాటకి అర్థం వేరు. ఆ పొలం చాలాచోట్ల ఆదివాసీలది. 1956 నాటి ఒడిశా రెగ్యులేషన్ 2 ప్రకారం అధికారి అనుమతి లేకుండా ఆదివాసీ భూమి బయటివాళ్ళకి మారితే చెల్లదు. 2002 సవరణ తరవాత ఎస్టీ కానివాళ్ళకి అమ్మకం పూర్తిగా బంద్. 2023 నవంబరులో క్యాబినెట్ దీన్ని సడలిస్తామని చెప్పి, గొడవ రేగేసరికి కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది.

నేను దీన్ని ఫిర్యాదుగా చెప్పడం లేదు. ఈ చట్టం లేకపోతే ఆ ఆవర్జాలో గీత పడని పద్దులన్నీ భూములైపోయేవి. అలా అయినవి లేవా? ఈ జిల్లాల్లో పుట్టినవాళ్ళం, మనకి తెలియదా?

గుణుపురం కిరాణా

అక్కా, పద్దుల మాట నేనే రాశాను కాబట్టి నాకే తగిలింది. మా తాత భూమి రాయించుకోలేదు. ఆ అరువులు పోయాయి, అంతే. అందరు షావుకార్లూ ఒకటి కాదు.

జయపురం అక్క

మీ తాతగారిని అనలేదు. రాయించుకున్నవాళ్ళూ మనవాళ్ళే అంటున్నాను. లోవీకి బ్లాక్‌టౌన్ పొలాలు అంత తేలిగ్గా ఎలా దొరికాయో కూడా అడగండి. అక్కడ అసలు మనుషుల్ని ఆ నేల మీద నుంచి తోసేసి అప్పటికి నూరేళ్ళు దాటింది. ఆయనకి టైటిల్ శుభ్రంగా దొరికింది, శుభ్రం చేసినవాళ్ళు వేరే.

గాంధీనగర్ బీకాం

ఇది మంచి పాయింట్. వైజాగ్‌లో లులూ మాల్ వాళ్ళకి కూడా భూమి దగ్గరే వచ్చింది కదా తంటా. ముందు ఇచ్చారు, 2019లో రద్దు చేశారు, ప్రభుత్వం మారాక మళ్ళీ ఇచ్చారు. లులూ యజమాని యూసుఫ్ అలీ కూడా కేరళ నుంచి 1973లో అబూ ధాబీ వెళ్ళి కిరాణాతో పైకొచ్చినవాడే.

అడ్మిన్

వైజాగ్ భూమి సంగతికి వేరే చర్చ ఉంది, కిందటి సారి అక్కడ ఏం జరిగిందో అందరికీ గుర్తుంది. ఇక్కడ ఎత్తితే తీసేస్తాను.

పర్లాకిమిడి మేష్టారు

సరే, ఆయన్ని దేవుణ్ణి చేశానని అనుకుంటున్నారేమో, దెబ్బలు కూడా చెప్తాను. 1987లో టెన్ అనే టీవీ నెట్‌వర్క్ కొన్నాడు. తెలియని వ్యాపారం. భారీగా పోగొట్టుకుని 1989లో వదిలించుకున్నాడు. ముప్ఫై ఏళ్ళకి పైగా పొత్తులో ఉన్న సాండర్స్ కూడా 1987లోనే విడిపోయాడు.

న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో షాపుల భాగాన్ని 2001 జూలైలో 99 ఏళ్ళ లీజుకి తీసుకుంది ఆయన కంపెనీ. సెప్టెంబరు 11కి అంతా నేలమట్టం. 2016లో అదే చోట మళ్ళీ మాల్ తెరిచారు. లండన్‌లో పెద్ద మాల్ తెరిచింది 2008 అక్టోబరులో, ప్రపంచంలో బ్యాంకులు కూలుతున్న నెల. అది నిలబడింది.

ఫుట్‌బాల్ సంగతి మరీ చోద్యం. 2022 ప్రపంచ కప్ ఆస్ట్రేలియాకి తెద్దామని ప్రభుత్వం డబ్బుతో తిరిగాడు. వచ్చింది ఒకే ఒక్క ఓటు.

సిడ్నీ కోడలు

మేష్టారూ, ఆరెంజ్ గ్రోవ్ కథ మీరు వదిలేశారు. ఇక్కడి పాతకాపులు ఇప్పటికీ చెప్పుకుంటారు. సిడ్నీలో లివర్‌పూల్ అనే పేటలో చవక ధరల షాపుల సముదాయం ఒకటి పెట్టారు. దగ్గర్లోనే వెస్ట్‌ఫీల్డ్ ఉంది. ఆ స్థలంలో అలాంటి షాపులకి అనుమతి ఇవ్వడం చెల్లదని వెస్ట్‌ఫీల్డ్ కోర్టుకెళ్ళి గెలిచింది. 2004లో షాపులు మూతబడ్డాయి, అందులో పనిచేసేవాళ్ళు రోడ్డున పడ్డారు. రాజకీయంగా పెద్ద గొడవైంది. అవినీతి లేదని విచారణ సంఘం తేల్చింది. చట్టం ప్రకారం తప్పు లేకపోవచ్చు. కానీ కొట్టుతో పైకొచ్చినవాడు కొట్లు మూయించడం నాకు మింగుడు పడదు.

ఆడిటర్ బాబు

మింగుడు పడక్కర్లేదమ్మా, కానీ ఆశ్చర్యం కూడా అక్కర్లేదు. అద్దె మీద బతికేవాడికి పక్క వీధిలో చవక బజారు వస్తే, మనకి వీధి చివర సూపర్ మార్కెట్ వచ్చినట్టే. మన బజారు సంఘం మాత్రం మునిసిపాలిటీ మీదకి వెళ్ళలేదా, తోపుడు బళ్ళు తీయించమని?

నాకు ఆయనలో బాగా నచ్చింది ఒకటే, అమ్మడం. 2014లోనే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ మాల్స్‌ని సెంటర్ గ్రూప్ అనే వేరే కంపెనీకి మార్చారు. గిరిరోడ్డు గారి తమ్ముడు తిరిగే మాల్స్ మీద పేరు వెస్ట్‌ఫీల్డే, కంపెనీ ఇదీ. మిగతా దేశాల మాల్స్‌ని 2018లో యూనిబెయిల్-రోడామ్‌కో అనే యూరప్ కంపెనీకి అమ్మేశారు. అప్పటికి ఆయనకి 87 ఏళ్ళు. రెండేళ్ళు తిరక్కుండా కోవిడ్ వచ్చి మాల్స్ మూతబడ్డాయి, కొన్నవాళ్ళ షేరు కుప్పకూలింది. ఆన్‌లైన్ గాలి ఎటు వీస్తోందో ఆయన కనిపెట్టాడు. మన దగ్గర తాత పెట్టిన కొట్టు అమ్మితే పరువు పోయిందంటారు. నష్టాల్లో ఉన్నా దీపం పెట్టి కూర్చుంటారు.

గిరిరోడ్డు

అది నా మీదే వేశారని తెలుసు సార్. దీపం పెడుతున్నాను, కానీ నష్టం లేదు, పట్టు చీరలకి పెళ్ళిళ్ళ సీజను చాలు. ఒకటి అడుగుతాను. మాబోటివాళ్ళు మాల్ కట్టలేం. ఆ ట్రస్టు యూనిట్ల లాంటిది మన దేశంలో ఉందా?

ఆడిటర్ బాబు

ఉంది. రీట్ అంటారు. మాల్స్‌కి సంబంధించి మన దేశంలో మొదటిది నెక్సస్ సెలెక్ట్ ట్రస్ట్, 2023 మే నెలలో మార్కెట్‌కి వచ్చింది. హైదరాబాద్ కూకట్‌పల్లి మాల్, భువనేశ్వర్‌లో మనవాళ్ళు సినిమాకెళ్ళే ఎస్ప్లనేడ్ అందులోవే. పంచదగ్గ సొమ్ములో కనీసం 90 శాతం యూనిట్‌దారులకి పంచాలని నిబంధన. డీమ్యాట్ ఖాతా ఉంటే షేరు లాగే కొనొచ్చు. ధర పడొచ్చు కూడా, కొనమని చెప్పడం లేదు. అద్దె కట్టే వైపు కాకుండా పుచ్చుకునే వైపు నిలబడడానికి చిన్నవాడికి ఉన్న దారి ఇది అని మాత్రం చెప్తున్నాను.

అప్పడాల వారసుడు (బరంపురం)

ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నాను. మాది అప్పడాలు, వడియాలు, ఊరగాయల వ్యాపారం, మా అమ్మమ్మ మొదలెట్టింది. ఒక మాల్ వాళ్ళు కియోస్క్ (చిన్న కౌంటర్) పెట్టమని పిలిచారు. "మినిమం గ్యారంటీ లేదా అమ్మకంలో వాటా, ఏది ఎక్కువైతే అది" అంటున్నారు. అంటే అమ్మకం ఉన్నా లేకున్నా కనీస అద్దె కట్టాల్సిందే. మా నాన్న వద్దంటున్నారు, నాకు ఆశగా ఉంది. సిడ్నీ అక్క రాసింది చదివాక టెన్షన్ మొదలైంది.

సిడ్నీ కోడలు

తమ్ముడూ, భయపెట్టడానికి రాయలేదు. మా దోసెల అన్నయ్య మొదటి లీజులో బాగానే సంపాదించాడు. రెండో లీజు గురించి మొదటి రోజే అడిగి ఉండాల్సింది అంటాడు ఇప్పుడు.

గుణుపురం కిరాణా

అప్పడం నెలల తరబడి నిలవుండే సరుకు, వాటా ఇచ్చినా పరవాలేదు. ఊరగాయ జాడీలు మాల్‌లో పెట్టకండి. నూనె ఒక్కసారి ఒలికిందంటే ఆ మెరిసే నేల మీద మీ డిపాజిట్ మిగలదు.

ఆడిటర్ బాబు

వారసుడు గారూ, వాటా ఎంత అనేది తరవాత, ముందు మూడు చూడండి. అమ్మకం అంటే జీఎస్టీ కలిపా, తీసేసా? లాక్-ఇన్ (ఇంత కాలం దాకా ఒప్పందం వదలకూడదనే షరతు) ఇద్దరికా, మీకొక్కరికేనా? ఆరు నెలలకే వాళ్ళు ఖాళీ చెయ్యమంటే మీరు పెట్టిన కౌంటర్ ఖర్చు ఎవరిది? ఇంకోటి, అద్దె కాక మెయింటెనెన్స్ అని క్యామ్ ఛార్జీ వేస్తారు. చిన్న కియోస్క్‌కి అది ఒక్కోసారి అద్దెలో మంచి భాగమే ఉంటుంది, అమ్మకం లేని నెలలో కూడా కట్టాలి. సంతకం పెట్టకముందు డ్రాఫ్ట్ నాకు పంపండి.

అప్పడాల వారసుడు

ఇప్పుడే మెయిల్ చేశాను సార్. మెయింటెనెన్స్ రేటు ఎక్కడ రాశారో నాకు కనబడలేదు. చాలా పేజీలున్నాయి, ఓపిక చెయ్యాలి.

ఆడిటర్ బాబు

వచ్చింది. రేటు వెనక షెడ్యూల్‌లో ఉంటుంది, అక్కణ్ణుంచే మొదలెడతాను. ఆదివారం నాన్నగారిని కూడా తీసుకురండి, ఆయన అడిగేవి మీకు తోచవు.